టార్క్ రెంచ్ చెప్పింది ఒకటి, నట్టుకు అందింది ఒకటి: అడాప్టర్ తగిలించినప్పుడు మారే లెక్క

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు. డీజిల్ వ్యాను బానెట్ ఎత్తి ఉంది. ఒత్తిడిలో ఉన్న డీజిల్‌ను నిలిపి ఉంచే కామన్ రైల్ గొట్టం నుంచి ఇంజెక్టర్‌కు వెళ్లే ఇనుప పైపు మొదట్లో తడి కనిపిస్తోంది. ఇంజన్ ఆపి గుడ్డతో తుడిస్తే పోతుంది, మళ్లీ నడిపితే వస్తుంది. అక్కడ పైపును బిగించే నట్టు మీదికి, పైనుంచి నట్టును కప్పి పట్టే సాకెట్ దిగదు, ఎందుకంటే పైపు ఆ నట్టు మధ్యలోంచే పైకి వచ్చి వంపు తిరుగుతుంది. మామూలు స్పానర్ పడుతుంది కానీ దానికి కొలత లేదు. అందుకని పని నేర్చుకుంటున్న కుర్రాడు, ఎంత బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచ్ తలకు క్రోఫుట్ అనే స్పానర్ నోటి అడాప్టర్‌ను తగిలించాడు.

“25 పెట్టు” అన్నారు మేస్త్రి.

“25 పెడితే ఎక్కువ బిగుస్తుంది గురువుగారూ. 20 పెట్టాలి.”

“పుస్తకంలో 25 అని అచ్చువేసి ఉంటే 20 అంటావేమిటిరా?”

నా బండి పని కోసం నేను ఆ పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాను. ఇద్దరూ పని తెలిసినవాళ్లే, ఇద్దరి మాట వెనుకా కారణం ఉంది. బండి సర్వీసు పుస్తకంలో ఉన్న అంకె నట్టుకు అందాలన్నది మేస్త్రి పట్టుదల. ఆ అంకె నట్టుకు అందాలంటే రెంచ్ మీద వేరే అంకె పెట్టాలన్నది కుర్రాడి లెక్క. బిగుతును న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. ఈ రెండింటి మధ్యనున్న 5 న్యూటన్ మీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే, ఇరుకు చోట్ల నట్లు బిగించడం గురించి వినిపించే చాలా వాదనలు వాటంతట అవే విడిపోతాయి.

విషయం చిన్నదిగా కనిపించవచ్చు. కానీ ఈ తరం డీజిల్ ఇంజన్లలో ఆ సన్నని పైపులో ఒత్తిడి 1,600 బార్ల దాకా, కొన్నిటిలో అంతకు మించి కూడా ఉంటుంది. కారు టైరులో మనం కొట్టించే గాలి 2 బార్ల పైచిలుకు మాత్రమే. ఇంజన్ నడుస్తుండగా అక్కడ కారుతోందా అని వేలు పెట్టి చూడకూడదు, ఆ ఒత్తిడిలో డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. అలాంటి చోట నట్టు వదులుగా ఉన్నా ప్రమాదమే, అతిగా బిగిసి పైపు చివరి శంకువు నలిగినా ప్రమాదమే.

పైగా 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కల వీధుల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాక, మునిగిన బండ్లను విప్పి మళ్లీ బిగించే పని ఈ ఊళ్లో ఎంత పెద్దదో అందరం చూశాం. ఇంజన్లు, బ్రేకు పైపులు, చక్రాల హబ్బులు అన్నీ విప్పాల్సి వచ్చింది. విప్పడం సులువు. తిరిగి ఎంత బిగించాలన్నదే ప్రశ్న.

బలం ఒక్కటే కాదు, దూరం కూడా

టార్క్ అంటే తిప్పే శక్తి. తిరగలిని గుర్తు చేసుకుంటే చాలు. పిడి రాతి అంచున ఉంటుంది కాబట్టి పప్పు విసరడం సాధ్యమవుతోంది. అదే పిడిని మధ్య మేకుకు బెత్తెడు దూరంలో నాటితే ఎంత బలమైన చేతికైనా రాయి కదలడం కష్టం. చేతిలో బలం అదే, మధ్య నుంచి దూరం తగ్గింది. అందుకే టార్క్‌ను బలం, దూరం రెండింటి గుణకారంగా లెక్కిస్తారు. 100 న్యూటన్ల బలం అంటే దాదాపు 10 కిలోల బరువు లాగినంత. దాన్ని నట్టు మధ్య నుంచి 0.4 మీటర్ల దూరంలో ప్రయోగిస్తే 40 న్యూటన్ మీటర్ల టార్క్.

ఇక్కడ ఒక్క మాట. పాత మేస్త్రులు “ఎన్ని కేజీలు?” అని అడుగుతారు. వాళ్ల ఉద్దేశం కిలోగ్రామ్ మీటర్లు. 1 కిలోగ్రామ్ మీటరు అంటే సుమారు 9.8 న్యూటన్ మీటర్లు. విదేశీ రెంచ్‌ల మీద కనిపించే 1 పౌండ్ అడుగు అంటే సుమారు 1.36 న్యూటన్ మీటర్లు. రెంచ్ మీద రెండు స్కేళ్లు ఉంటే ఏది చూస్తున్నామో ముందు తేల్చుకోవాలి. ఈ వ్యాసంలో అన్నీ న్యూటన్ మీటర్లే.

ఇక క్లిక్ రెంచ్. పిడి తిప్పి లోపలి స్ప్రింగును నొక్కితే, ఆ నొక్కుడుకు తగిన టార్క్ వచ్చినప్పుడు తల దగ్గరి మీట జారి “టిక్”మంటుంది. ఈ రెంచ్ కొలిచేది తన తలలోని చదరపు బొడిపె చుట్టూ పడే టార్క్‌ను. దానికి తెలిసింది అంతే. ఆ బొడిపెకు అవతల ఏముందో, సాకెట్టో, క్రోఫుట్టో, ఇంకేదో, దానికి తెలియదు. ఈ ఒక్క వాక్యం మనసులో పెట్టుకుంటే మిగతాదంతా దీని నుంచే వస్తుంది.

నిటారుగా పోయేవి, పక్కకు పోయేవి

అడాప్టర్ అనే ఒకే మాట కింద వేర్వేరు స్వభావాలున్న పనిముట్లు కలిసిపోయాయి. సగం గందరగోళం అక్కడే మొదలవుతుంది. ఇవి ప్రధానంగా రెండు జాతులు.

మొదటి జాతిలో నట్టు మధ్యబిందువు, రెంచ్ చదరపు బొడిపె ఒకే నిట్టనిలువు గీత మీద ఉంటాయి. సాకెట్, ఎక్స్‌టెన్షన్ కడ్డీ, అర అంగుళం నుంచి మూడెనిమిదో వంతు అంగుళానికి మార్చే ముక్కలు ఇలాంటివి. గేర్ బాక్సు పై బోల్టుల కోసం మూరెడు ఎక్స్‌టెన్షన్ వేసినా అంతే. వీటికి ఏ సవరణా అక్కర్లేదు.

“అంత పొడుగు కడ్డీ మెలి తిరుగుతుంది కదా, టార్క్ కొంత అందులోనే పోదా?” అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కడ్డీ మెలి తిరిగే మాట నిజం, చేతికి తెలుస్తుంది కూడా. కానీ బావిలోంచి బిందె చేదేటప్పుడు చేంతాడు కాస్త సాగినంత మాత్రాన బిందె బరువు తగ్గదు. ఇదీ అంతే. రెంచ్ కాస్త ఎక్కువ దూరం తిరగాల్సి వస్తుంది, చివరికి నట్టుకు అందే టార్క్ మాత్రం అదే. ఈ అనుమానానికి మూలం ఇంపాక్ట్ గన్. అది నెమ్మదిగా నొక్కదు, సుత్తి దెబ్బల్లా కొడుతుంది. ఒక్కో దెబ్బలోని శక్తి కొంత కడ్డీని మెలి తిప్పడానికే ఖర్చవుతుంది, అందుకే గన్నుకు పొడుగు కడ్డీ తగిలిస్తే బిగుతు నిజంగానే తగ్గుతుంది. గన్ను దగ్గర చూసిన అనుభవాన్ని చేతి రెంచ్‌కు అంటగట్టకూడదు.

రెండో జాతిలో నట్టు మధ్యబిందువు చదరపు బొడిపె నుంచి పక్కకు జరిగి ఉంటుంది. క్రోఫుట్ వీటిలో అందరికీ తెలిసింది. కాకి పాదంలా ముందు చీలి ఉంటుంది కాబట్టి ఇంగ్లీషులో ఆ పేరు. ఒక చివర చదరపు రంధ్రం, రెండో చివర స్పానర్ నోరు. బ్రేకు పైపులు, ఇంజెక్టర్ పైపుల కోసం ఇందులోనే ఒక రకం ఉంది. రింగు స్పానర్‌లా ఐదు వైపుల నట్టును పట్టుకుని, పైపు దూరేంత సందు మాత్రమే వదులుతుంది. మెత్తని లోహపు నట్లకు నోరు తెరిచిన క్రోఫుట్ కన్నా ఇదే నయం, మూలలు అరగవు. ఒక చివర చదరపు రంధ్రం, రెండో చివర పూర్తి రింగు ఉన్న చపటా అడాప్టర్లూ ఈ జాతివే. సవరణ కావలసింది వీటికే.

రెండు జాతులకూ చెందనిది మోకీలులా వంగే యూనివర్సల్ జాయింట్. ఇది వంగిన కొద్దీ టార్క్ నిలకడగా ఉండదు. 15 డిగ్రీలు వంగితే జాయింట్ ఏ స్థితిలో ఉందన్న దాన్ని బట్టి దాదాపు 3.5 శాతం అటూ ఇటూ మారుతుంది. 30 డిగ్రీలు వంగితే ఒక స్థితిలో 13 శాతం తగ్గుతుంది, మరో స్థితిలో 15 శాతం పెరుగుతుంది. ఏ స్థితిలో టిక్‌మంటుందో ముందే చెప్పలేం కాబట్టి దీన్ని సూత్రంతో సవరించే వీలు లేదు. కొలత ముఖ్యమైన చోట వంపును వీలైనంత తక్కువలో ఉంచడమే మార్గం.

100 న్యూటన్లతో ఒక లెక్క

ఇప్పుడు క్రోఫుట్ సంగతి. రెంచ్ చదరపు బొడిపె మధ్య నుంచి చెయ్యి పట్టుకునే చోటు మధ్య దాకా 400 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. దీన్ని పిడి దూరం అందాం. బొడిపె మధ్య నుంచి నట్టు మధ్య దాకా 50 మిల్లీమీటర్లు. ఇది అడాప్టర్ దూరం. క్రోఫుట్ మొత్తం పొడవు కాదు, మధ్య నుంచి మధ్యకు ఉన్న దూరమే లెక్క. క్రోఫుట్‌ను రెంచ్‌కు తిన్నగా, ముందుకు చాచినట్టు తగిలించాం. నట్టుకు కావలసింది 45 న్యూటన్ మీటర్లు.

రెంచ్ మీద 45 పెట్టి లాగితే, 0.4 మీటర్ల దూరంలో 112.5 న్యూటన్ల బలం పడినప్పుడు అది టిక్‌మంటుంది. కానీ నట్టు చేతి నుంచి 400 దూరంలో లేదు, 450 దూరంలో ఉంది. కాబట్టి నట్టుకు అందింది 112.5ను 0.45తో గుణిస్తే వచ్చే 50.6 న్యూటన్ మీటర్లు. రెంచ్ 45 అంది, నట్టు 50.6 తింది. ఎనిమిదో వంతు ఎక్కువ.

సరిచేయాలంటే రెంచ్ మీద అంకెను అదే నిష్పత్తిలో తగ్గించాలి:

రెంచ్ మీద పెట్టాల్సిన అంకె = నట్టుకు కావలసిన టార్క్ × పిడి దూరం ÷ (పిడి దూరం + అడాప్టర్ దూరం)

అంటే 45 × 400 ÷ 450 = 40. ఇప్పుడు 40 పెట్టి లాగితే సరిగ్గా 100 న్యూటన్ల దగ్గర టిక్‌మంటుంది. 100ను 0.45తో గుణిస్తే 45. నట్టుకు కావలసినంత అందింది.

ఆటోనగర్ కుర్రాడి చేతిలోది చిన్న రెంచ్. పిడి దూరం 200 మిల్లీమీటర్లే. అడాప్టర్ మాత్రం కాస్త పొడుగుది, 50 మిల్లీమీటర్లు. 25 × 200 ÷ 250 = 20. అతను అడిగిన 20 అదే. మేస్త్రి చెప్పినట్టు 25 పెట్టి ఉంటే నట్టుకు 31 దాటేది, నాలుగో వంతు ఎక్కువ. అదే అడాప్టర్ పెద్ద రెంచ్ మీద ఎనిమిదో వంతు తేడా తెస్తే, చిన్న రెంచ్ మీద నాలుగో వంతు తెచ్చింది. సున్నితమైన నట్లను చిన్న రెంచ్‌లతోనే బిగిస్తాం కాబట్టి, తేడా ఎక్కడ ఎక్కువ హాని చేస్తుందో అక్కడే ఎక్కువగా వస్తుందన్నమాట. నన్ను ఈ విషయం మీద కూర్చుని రాసేలా చేసింది ఇదే.

అడాప్టర్ ఎటు తిరిగి ఉంది?

పైన చెప్పిన సూత్రం అడాప్టర్ తిన్నగా ముందుకు ఉన్నప్పటిది. ఇరుకులో అన్నిసార్లూ అది కుదరదు. కొలవాల్సింది నిజానికి ఒక్కటే: చేతి బలం ఏ గీత వెంట పోతోందో, ఆ గీతకు నట్టు మధ్యబిందువు ఎంత దూరంలో ఉంది.

అడాప్టర్‌ను రెంచ్‌కు అడ్డంగా, 90 డిగ్రీలలో తగిలిస్తే నట్టు పక్కకు జరుగుతుంది కానీ చేతి బలం పోయే గీతకు దూరం కాదు, దగ్గరా కాదు. ఆ దూరం 400 మిల్లీమీటర్లే. కాబట్టి సవరణ లేదు, 45 కావాలంటే 45 పెట్టాలి. కొందరు దీన్ని లంబకోణ త్రిభుజంగా ఊహించి, 400, 50 భుజాలైతే కర్ణం 403 కదా, ఆ మేరకు సవరించాలంటారు. నట్టు నుంచి చేతికి ఉన్న దూరం 403 అన్నది నిజమే. కానీ చెయ్యి లాగుతున్నది ఆ కర్ణానికి లంబంగా కాదు, పిడికి లంబంగా. అందుకే లెక్కలోకి వచ్చేది 400.

అడాప్టర్‌ను వెనక్కి, పిడి వైపు మడిచినట్టు తగిలిస్తే లెక్క తిరగబడుతుంది. కూడిక బదులు తీసివేత: 45 × 400 ÷ 350, అంటే 51.4 పెట్టాలి. పెట్టకపోతే నట్టు వదులుగా మిగులుతుంది. ముందుకు 45 డిగ్రీల వంపులో ఉంటే అడాప్టర్ దూరంలో సుమారు 0.71 వంతు మాత్రమే లెక్కకు వస్తుంది. 50కి బదులు 35.4 వేసుకుంటే 41.3 వస్తుంది.

రెంచ్ తల రాచెట్ రకానిది (ఒక వైపే పట్టి, రెండో వైపు వదులుగా తిరిగేది) కాకపోతే చదరపు బొడిపె మీద అడాప్టర్ నాలుగు స్థితుల్లోనే కూర్చుంటుంది: ముందుకు, వెనక్కి, రెండు పక్కలకు. రాచెట్ తల ఉంటే ఏ కోణమైనా రావచ్చు, బిగింపు చివర ఆ కోణం ఎంతుందో చూసుకోవాలి.

చెయ్యి ఎక్కడ పట్టింది?

ఇది చాలామందికి తెలియని సంగతి. మామూలు సాకెట్‌తో బిగించేటప్పుడు రెంచ్‌ను ఎక్కడ పట్టుకున్నా పెద్దగా తేడా రాదు. దగ్గర పట్టుకుంటే ఎక్కువ బలం పెట్టాలి, దూరంగా పట్టుకుంటే తక్కువ చాలు. టిక్ మాత్రం అదే టార్క్ దగ్గర వస్తుంది. పక్కకు పోయే అడాప్టర్‌ను 90 డిగ్రీలలో కాక మరోలా తగిలించిన క్షణం నుంచి ఆ వెసులుబాటు పోతుంది, ఎందుకంటే సూత్రంలో పిడి దూరం ఉంది.

మొదటి ఉదాహరణే చూద్దాం. 40 పెట్టాం, చెయ్యి 400 దగ్గర ఉండాలి. అక్కడ చోటు లేక 300 దగ్గర పట్టుకుంటే టిక్ రావడానికి 133.3 న్యూటన్లు కావాలి. నట్టుకు అందేది 133.3 × 0.35, అంటే 46.7. అదే పిడికి గొట్టం తొడిగి 800 దగ్గర లాగితే 50 న్యూటన్లకే టిక్ వస్తుంది, నట్టుకు అందేది 50 × 0.85, అంటే 42.5. గొట్టం తొడిగితే నట్టు మరింత బిగుస్తుందనే కదా అందరి నమ్మకం. టార్క్ రెంచ్, ముందుకు చాచిన అడాప్టర్ కలిసిన చోట అది తలకిందులవుతుంది.

కొన్ని రెంచ్‌ల పిడి మీద గీతో, గుర్తో ఉంటుంది. చెయ్యి మధ్య భాగం దాని మీద ఉండాలని అర్థం. ముల్లు, పలక ఉండే పాత తరహా వంపు కడ్డీ రెంచ్‌లలో కొన్నిటికి పిడి ఒక మేకు మీద ఊగుతుంది. అది వదులై ఊగుతున్నది కాదు, బలం ఎప్పుడూ ఆ మేకు దగ్గరే పడాలని చేసిన ఏర్పాటు.

ఎడమ చెయ్యి సంగతీ ఉంది. రెంచ్ తల జారకుండా రెండో చేత్తో పట్టుకుంటాం. సాకెట్‌తో అయితే ఆ చేతి బలం సరిగ్గా నట్టు మీదుగానే పోతుంది కాబట్టి టార్క్ మారదు. క్రోఫుట్‌తో అయితే ఆ చెయ్యి నట్టుకు 50 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. అది తలను పక్కకు నెడితే, రెంచ్‌కు తెలియకుండా నట్టుకు అదనపు టార్క్ చేరుతుంది. ఎడమ చెయ్యి తలను పైకి లేవకుండా ఆనుకుని ఉండాలి, తిప్పే దిశలో తోయకూడదు.

“ఇంత లెక్క అవసరమా?” అనేవారి మాట

అవసరం లేదనేవాళ్లలో మూడు రకాల వాదనలు విన్నాను. మూడింటిలోనూ నిజం ఉంది.

మొదటిది: రెంచ్‌కే కొంత తప్పు ఉంటుంది, అందులో ఇదీ కలిసిపోతుంది. చేతి టార్క్ పనిముట్లకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6789. సర్దుబాటు చేసుకునే క్లిక్ రెంచ్‌కు 10 న్యూటన్ మీటర్లు దాటిన చోట 4 శాతం అటూ ఇటూ దాకా అది అనుమతిస్తుంది. పిడి దూరం 500, అడాప్టర్ దూరం 25 ఉంటే తేడా 5 శాతమే. తయారీదారు “20 నుంచి 25” అని విడుపు ఇచ్చిన చోట ఆ 5 శాతాన్ని పట్టించుకోకపోయినా కొంప మునగదు. కానీ రెంచ్ తప్పు పైకీ పోవచ్చు, కిందికీ పోవచ్చు. ముందుకు చాచిన అడాప్టర్ తప్పు ఎప్పుడూ పైకే పోతుంది. రెండూ ఒకే వైపు కలిసిన రోజున నట్టు లోపలి మర చెడిపోతుంది. చిన్న రెంచ్ మీద 25 శాతం వచ్చిన చోట ఈ వాదన అసలే నిలవదు.

రెండోది: 90 డిగ్రీలలో పెట్టేస్తే లెక్కే అక్కర్లేదు కదా. నిజమే, చోటుంటే అది మంచి ఉపాయం. కాకపోతే ఆ 90 కచ్చితంగా 90 కావాలి. 80 డిగ్రీలకు జరిగితే అడాప్టర్ దూరంలో 8.7 మిల్లీమీటర్లు లెక్కలోకి చొరబడి, మన ఉదాహరణలో 2.2 శాతం పెంచుతాయి. తిన్నగా చాచి, 40 పెట్టి బిగించే పద్ధతిలో అదే 10 డిగ్రీల పొరపాటు తెచ్చే తేడా 0.2 శాతం కూడా ఉండదు. అంటే లెక్క వేసుకుని తిన్నగా పెట్టే పద్ధతి కోణం విషయంలో ఎక్కువ క్షమిస్తుంది, చెయ్యి పట్టే చోటు విషయంలో తక్కువ క్షమిస్తుంది. 90 డిగ్రీల పద్ధతికి ఇది సరిగ్గా తిరగబడుతుంది, అక్కడ చెయ్యి ఎక్కడ పట్టినా ఒకటే. కోణం కనబడని చీకటి మూలలో తిన్నగా పెట్టడం, చెయ్యి సరైన చోట పట్టే వీలులేని ఇరుకులో అడ్డంగా పెట్టడం నాకు సబబుగా తోస్తాయి.

మూడోది చేతి అంచనా. ఇరవై ముప్పై ఏళ్లు పనిచేసిన మేస్త్రి చెయ్యి చెప్పే సంగతులు కొన్ని ఏ రెంచూ చెప్పలేదు. మర వంకరగా ఎక్కుతున్నా, బోల్టు సాగడం మొదలైనా చేతికి ముందే తెలుస్తుంది. రెంచ్ తన అంకె వచ్చేదాకా నోరు విప్పదు. ఆ విద్య మీద నాకు గౌరవం ఉంది. అయితే ఆ అంచనా కూడా ఫలానా పొడవున్న స్పానర్‌తో, ఫలానా భంగిమలో అలవాటైంది. స్పానర్ల సైజు పెరిగే కొద్దీ పొడవు పెంచి తయారుచేస్తారు, చేతికి అలవాటైన బలంతోనే పెద్ద నట్టుకు ఎక్కువ టార్క్ చేరాలని. బండి కింద వెల్లకిలా పడుకుని, తలకిందులుగా, పొట్టి స్పానర్‌తో బిగించినప్పుడు చెయ్యి అలవాటు పడిన ఆధారాలన్నీ పోతాయి. ఇరుకు నట్టు దగ్గర కొలత అవసరమయ్యేది అందుకే.

తుప్పు, నూనె, అసలు బిగుతు

టార్క్ మన లక్ష్యం కాదు, లక్ష్యానికి దారి. నిజంగా కావలసింది బోల్టు రవ్వంత సాగి, రెండు భాగాలను గట్టిగా అదిమి పట్టుకోవడం. మనం పెట్టే టార్క్‌లో సుమారు సగం బోల్టు తల కింది రాపిడికి, 40 శాతం దాకా మరల రాపిడికి పోతుంది. అదిమి పట్టే బలంగా మారేది పదో వంతు మాత్రమే.

10 మిల్లీమీటర్ల బోల్టుకు 45 న్యూటన్ మీటర్లు ఇచ్చాం. శుభ్రమైన పొడి మరలకు రాపిడి అంకెను సాధారణంగా 0.2గా తీసుకుంటారు. టార్క్‌ను ఆ అంకెతోనూ, మీటర్లలో బోల్టు వ్యాసంతోనూ భాగిస్తే 22,500 న్యూటన్లు, అంటే దాదాపు 2.3 టన్నుల అదుము. మరలకు నూనె రాసి రాపిడి 0.15కు తగ్గిందంటే అదే టార్క్‌కు అదుము 30,000 న్యూటన్లకు ఎగబాకుతుంది. తుప్పు పట్టి 0.3కు పెరిగితే 15,000కు పడిపోతుంది. మూడు సార్లూ రెంచ్ ఒకేలా టిక్‌మంటుంది.

బుడమేరు నీళ్లలో నానిన బండ్ల విషయంలో ఇది పుస్తకాల్లో మాట కాదు. తుప్పు మరల మీద పుస్తకంలోని అంకె పెట్టి బిగిస్తే రెంచ్ తృప్తిపడుతుంది, భాగాలు మాత్రం వదులుగా ఉండిపోతాయి. మరలు శుభ్రం చేయడమో, బోల్టు మార్చడమో జరిగాకే అడాప్టర్ సవరణకు అర్థం ఉంటుంది. తయారీదారు పొడి మరలకు చెప్పాడా, నూనె రాసిన మరలకు చెప్పాడా అన్నది కూడా పుస్తకంలో చూడాల్సిందే.

పుస్తకమే సవరించి ఇచ్చిన చోట

ఇంకొక మెలిక ఉంది. కొన్ని సర్వీసు పుస్తకాలు సవరణను తామే చేసి ఇస్తాయి. టయోటా మాన్యువళ్లలో పైపు నట్ల దగ్గర రెండు అంకెలు కనిపిస్తాయి: ప్రత్యేక అడాప్టర్ లేకుండా ఒకటి, ఉంటే ఒకటి. పక్కనే రెంచ్ “ఫల్‌క్రమ్ లెంగ్త్” ఇంత అని షరతు ఉంటుంది. అది మనం పిడి దూరం అన్నదే. ఆ అంకెను మళ్లీ సూత్రంలో వేస్తే రెండుసార్లు తగ్గించినట్టవుతుంది, నట్టు వదులవుతుంది. షరతులో చెప్పిన పొడవు మన రెంచ్‌కు లేకపోతే అడాప్టర్ లేని అంకె నుంచి మన లెక్క మనం వేసుకోవాలి.

తల ఊడదీసి వేరే తల పెట్టుకునే రెంచ్‌లకు, తయారీదారు అనుకున్న పొడవు తలే పెడితే సవరణ అక్కర్లేదు, ఆ దూరాన్ని లెక్కలోకి తీసుకునే స్కేలు గీశారు. అంతకన్నా పొడుగు తల పెడితే అక్కర ఉంటుంది. డిజిటల్ రెంచ్‌లూ ఇంతే. కొన్నిటిలో అడాప్టర్ దూరం నమోదు చేసే వీలుంది. నమోదు చేయకపోతే తెర మీద అంకె చదరపు బొడిపె దగ్గరిదే, నట్టుది కాదు.

నీళ్ల డబ్బా

షెడ్డులో వాదన మాటలతో తెగలేదు. కుర్రాడు వైస్‌లో ఒక బోల్టును కదలకుండా పట్టించి, దాని తల మీద సాకెట్‌తో రెంచ్‌ను అడ్డంగా నిలిపాడు. 20 పెట్టాడు. పిడి మీది గుర్తు దగ్గర ఖాళీ డబ్బా వేలాడదీసి చెంబుతో నీళ్లు పోస్తూ వెళ్లాడు. టిక్‌మనగానే ఆపి, నీళ్లు నిలిచిన చోట సుద్దతో గీత గీశాడు. డబ్బా ఖాళీ చేసి, సాకెట్ తీసేసి, క్రోఫుట్‌ను తిన్నగా తగిలించి మళ్లీ పోయడం మొదలుపెట్టాడు. మేస్త్రి దగ్గరికి వచ్చి వంగి చూశారు. నీళ్లు అదే సుద్ద గీతకు చేరాక టిక్‌మంది.

“చూశారా గురువుగారూ, రెంచ్‌కు రెండూ ఒకటే.”

మేస్త్రి మాట్లాడలేదు. జేబులోంచి ఉక్కు స్కేలు తీసి, బోల్టు మధ్య నుంచి డబ్బా తాడు దాకా కొలిచారు. మొదటిసారి 200 ఉన్న చోట ఇప్పుడు 250. డబ్బాలో నీళ్లు అన్నే, దూరం పెరిగింది. కాసేపు ఆ స్కేలును అక్కడే పట్టుకుని నిలబడ్డారు.

“నట్టు 25 తింటోందన్నమాట” అన్నారు. “సరే, పట్టు. 20 పెట్టు. గుర్తు మీద చెయ్యి తీయకు.”

కుర్రాడు వ్యాను మీదికి వంగాడు. ఎడమ చేతి రెండు వేళ్లు క్రోఫుట్ తల మీద ఆనించి, కుడి చేత్తో నెమ్మదిగా లాగాడు.